పుస్తకాల పెట్టె ఎవరింట్లో ఉంది? పొదుపు సంఘాల్లో రాత, అధికారం

పొదుపు సంఘాల మీద ఏ పరిశోధన పత్రం తెరిచినా మొదట్లోనే ఒక మెట్ల బొమ్మ ఎదురవుతుంది. అడుగున సంఘం, దాని మీద గ్రామ సమాఖ్య, ఆపైన మండల సమాఖ్య, కొసన జిల్లా సమాఖ్య. బొమ్మ సరైనదే. దాన్ని చూసి సంఘంలో ఎవరి మాట చెల్లుతుందో తేల్చెయ్యడంతోనే నాకు పేచీ. మనవాళ్లు లీడర్ల కులం అడిగారు, చదువు అడిగారు, ఎన్నెకరాలో అడిగారు. తీర్మానాల పుస్తకం రాసే మనిషి దగ్గర మాత్రం ఎవరూ కూర్చోలేదు.

నాకీ అనుమానం నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక సంఘం సమావేశంలో పుట్టింది. రాత్రి వంటలయ్యాక పన్నెండు మంది వరండాలో చాప మీద కూర్చున్నారు. లీడరు పొదుపు డబ్బులు వసూలు చేస్తోంది. ఇంటర్ దాకా చదివిన ఆ ఇంటి కోడలు గోడకానుకుని పుస్తకం రాస్తోంది. ఒకామె కూతురి కాన్పుకి ఐదు వేలు అడిగింది. పాత కంతులు రెండు బాకీ ఉన్నాయని ఒకరు, కాన్పుకి కూడా లెక్కలేమిటని ఇంకొకరు, అరగంట సేపు గట్టిగానే వాదించుకుని మూడు వేలకు ఒప్పుకున్నారు. తర్వాత పుస్తకం అడిగి చూశాను. 'సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ఉంది. అప్పు దేనికి అన్నచోట 'పాడి గేదె' అని ఉంది. ఇదేమిటమ్మా అని కోడలిని అడిగితే, "ఆదాయమొచ్చే పనికే అని రాయాలంట మేడం, సీసీ గారు చెప్పారు" అంది. సీసీ అంటే సంఘాలను పర్యవేక్షించే ఉద్యోగి. పేజీ తిప్పితే ఖాళీ కాగితం. దాని అడుగున పదకొండు సంతకాలు, ఒక వేలిముద్ర అప్పటికే పడి ఉన్నాయి. వచ్చే వారం మాటలకు ఈ వారమే సంతకాలయిపోయాయి.

ఆ సంఘంలో లీడరు రెండుసార్లు మారింది. పుస్తకం రాసే చెయ్యి మారలేదు, పుస్తకాలుండే రేకుపెట్టె మంచం కిందనుంచి కదలలేదు. ఊళ్లో ఎవరినడిగినా ఆ సంఘాన్ని ఆ ఇంటి పేరుతోనే చెప్పారు, లీడరు పేరుతో కాదు. బ్యాంకు లింకేజీ వచ్చినప్పుడు ఎవరి వంతు ముందో, ఎవరి కంతు ఆలస్యమైనట్టో ఆ పెట్టెలోనే తేలుతుంది.

ఇక్కడే రాబర్ట్ మిచెల్స్‌తో నాకు తగువు. 1911లో ఆయన జర్మన్ సోషల్ డెమోక్రాట్ల పార్టీని దగ్గరగా చూసి, సంస్థ ఎంత ప్రజాస్వామ్యంగా మొదలైనా కొద్దిమంది చేతికి పోక తప్పదని ఇనుప సూత్రం చెప్పాడు. ఉపన్యాసం, పత్రిక, జీతాల ఉద్యోగులు నాయకుల చేతిలో ఉంటాయి, ఆ నేర్పు లేని సభ్యులు వాళ్లను వదులుకోలేరు, అందుకే నాయకులు కుర్చీ దిగరు అన్నాడు. మనవాళ్లు ఈ సూత్రాన్ని తెచ్చి సమాఖ్యలకు తగిలించారు. మిచెల్స్ చూసిన కార్మికులు పార్టీ పత్రిక తామే చదువుకోగలిగినవాళ్లు. మన దగ్గర లీడరు దిగిపోతుంది, నియమం ప్రకారమే దిగిపోతుంది. అప్పుడు సూత్రం చెదిరిపోవాలి. చెదరదు, ఎందుకంటే సంఘం వదులుకోలేని మనిషి ఏ పదవిలోనూ లేదు. మాక్స్ వెబర్ కొంత దగ్గరికొచ్చాడు, ఫైలు లేనిదే ఆధునిక కార్యాలయం లేదన్నాడు. కానీ ఆయన ఫైలు ఇంటికి దూరంగా, జీతగాడి బల్ల మీద ఉంటుంది. మన ఫైలు మంచం కింద ఉంది. అత్తాకోడళ్ల మాటలు, వియ్యంకుల పట్టింపులు దాటుకునే అందులోకి అక్షరం ఎక్కుతుంది.

ఈ జిల్లాలోనే ఈ సంగతి తట్టడం కాకతాళీయం కాదనుకుంటాను. 1990ల మొదట్లో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడిలో సారా మీద పాఠం చదివిన ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా దుకాణానికి అడ్డం పడ్డారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా నుంచి మిగిలిన డబ్బే రోజుకో రూపాయి పొదుపయింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానానికి, 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఎత్తుకున్న వెలుగు పథకానికి ఈ నేల అప్పటికే దున్ని ఉంది. అంటే సంఘానికి తల్లి అక్షరం. పలకా బలపం అందరి చేతికీ ఇచ్చిన ఉద్యమం నుంచి పుట్టిన సంస్థలో కలం ఒక్క చేతిలో ఆగిపోయింది. సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాల్లో 'పుస్తకాల నిర్వహణ' ఉంది, ఎవరు నిర్వహించాలో లేదు. వంతులవారీగా రాసే సంఘాలూ కొన్ని ఉన్నాయి, కాదనను.

రాత పూర్తిగా బయటివాళ్ల చేతికి పోతే ఏమవుతుందో కూడా చూశాం. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్సు కంపెనీల వసూళ్ల మీద రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ కంపెనీలు కట్టిన గుంపుల్లో ఆడవాళ్ల దగ్గరున్నది వాయిదా కార్డు ఒక్కటే, లెక్కంతా కంపెనీ మనిషి దగ్గర. అప్పు భారానికి వడ్డీని చాలామంది కారణంగా చూపారు. రాత చెయ్యి జారడమే అసలు కారణమని నేనంటాను. సహకార సంఘమైనా, గుడి కమిటీ అయినా, అపార్టుమెంటు సంఘమైనా తెలుగునాట పెత్తనం మినిట్సు పుస్తకం ఉన్న ఇంటివైపే ఒరుగుతుంది. ఇప్పుడు లెక్కలు ఫోన్లోకి ఎక్కుతున్నాయి, పెట్టె మరింత చిన్నదయి ఒకరి జేబులోకి చేరింది.

ఆ రాత్రి అందరూ లేచాక కాన్పుకి డబ్బడిగినామె ఆగింది. తను రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నానని నాతో అంతకుముందే చెప్పింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తన పేరు దొరికేదాకా వేలు జరుపుకుంటూ వెళ్లి, పక్కనున్న మాట కూడబలుక్కుని "గే...దె" అంది. కోడలి వంక చూసింది. ఏమీ అనలేదు. పుస్తకం మూసి పెట్టెలో పెట్టి మూత వేసింది.