కల్పితపాత్రల యెరవు

నాటకవస్తువు ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము నని త్రివిధమని ధనంజయుడు దశరూపకమున విభజించెను. పురాణప్రఖ్యాతపాత్రలపై నే కవికిని స్వామ్యము లేదు. మారన తెనిగించిన మార్కండేయపురాణమందలి స్వారోచిషమనుసంభవకథనే పెద్దన మనుచరిత్రముగా విస్తరించెను. ఇది చౌర్యము గాదు. కవి స్వబుద్ధిచే సృజించిన పాత్రను వేఱొకడు గైకొనినచో నా స్రష్ట హృదయ మెట్లుండు ననునది విచార్యము.

మా పాలమూరుసీమలో ఆత్మకూరు, గద్వాల, వనపర్తులవలెనే కవిపోషణమున బేరొందిన జటప్రోలు సంస్థానము పూర్వ ముండెను. దాని ప్రభువు సురభి మాధవరాయలు రచించిన చంద్రికాపరిణయమును పండితులు పిల్లవసుచరిత్రములలో నెన్నుదురు. అయిన నాతడు భట్టుమూర్తినుండి గైకొనినది రచనాఫణితియే. నాయిక గిరిక గాదు, చంద్రిక. అచ్చును గైకొని వేఱు విగ్రహమును పోయుట యొకటి, విగ్రహమునే యెత్తికొనిపోవుట మఱియొకటి.

రెండవదానికి సంస్కృతమున నుదాహరణము గలదు. 1912 మొదలుకొని తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు ప్రకటించిన భాసనాటకములలో చారుదత్త మను నాలుగంకముల రూపకము కలదు. అందలి చారుదత్తవసంతసేనలే శూద్రకుని మృచ్ఛకటికమున బదియంకములకు బెరిగిరి. చారుదత్తకర్తృత్వము వివాదగ్రస్తమైనను అదియే పూర్వమని పెక్కుర మతము. మృచ్ఛకటికప్రస్తావన శూద్రకుని బొగడునే కాని పూర్వకవిని పేర్కొనదు. వ్యాకరణపరిభాషలో జెప్పినచో, ఆదేశము వచ్చి స్థానిని మఱుగుపఱచెను. పూర్వకవి వేదనను దెలుపు వాక్య మొక్కటియు మిగులలేదు.

స్పెయినుదేశీయుడగు సెర్వాంటీసు మాత్రము జీవించియుండి బదులు చెప్పెను. ఆతని డాన్ క్విక్సోటు ప్రథమభాగము 1605లో వెలువడగా, 1614లో నొకడు అవెల్లనేడా యను మాఱుపేరుతో ద్వితీయభాగమును ప్రకటించి, పీఠికలో మూలకర్త వార్ధక్యమును, అంగవైకల్యమును ఎత్తిపొడిచెను. 1615లో సెర్వాంటీసు తన ద్వితీయభాగమున నా కృత్రిమగ్రంథములోని పాత్రనే రప్పించి, నిజమైన క్విక్సోటు ఇతడే యని సాక్ష్యము చెప్పించెను. తుదకు నాయకుని మరణమును వర్ణించి, యింక నెవ్వరు నంటరాదనెను.

కన్యాశుల్కమును 1897లో నచ్చొత్తించి, 1909లో దానే తిరుగ వ్రాసిన గురజాడ అప్పారావుగారు 1915లో గీర్తిశేషులైరి. పిమ్మట గిరీశము 1955లో జలనచిత్రమున నవతరించెను. ముళ్లపూడి వెంకటరమణగారు గిరీశం లెక్చర్లు వ్రాసిరి. వీనియందు మూలము దాచబడలేదు. గిరీశమన్నంతనే అప్పారావుగారు స్మృతికి వత్తురు.

పరుల వర్ణములను మార్చి గుఱుతులను దాచువాడే కవులలో జోరుడని బాణుడు హర్షచరితారంభమున సూచించెను. అక్షరములకు జెప్పిన యీ న్యాయము పాత్రలకును వర్తించును. కవిని నొప్పించునది యెరవు గాదు, ఎరవును సొమ్ముగా జెప్పికొనుట. కావున మృచ్ఛకటికమును బోధించునపుడు చారుదత్తమును గూడ బేర్కొనుట యధ్యాపకులకు విధి.