మీ తరఫున గుర్రపు పందెం కాస్తామంటున్నారా? కమీషన్ ఇచ్చే ముందు ఇది తెలుసుకోండి!

"మలక్‌పేట దాకా మీరు రానక్కర్లేదు. ఫోన్‌లో డబ్బులు పంపండి, మీ పేరు మీద నేనే పందెం కాస్తా. గెలిస్తే నా కమీషన్ నాకివ్వండి చాలు.." ఎవరైనా ఇలా అంటే ఒక్క నిమిషం ఆగండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వాళ్లకు రేసులంటే హైదరాబాదే. అంత దూరం ఎందుకని మధ్యవర్తికి డబ్బిస్తే చిక్కుల్లో పడ్డట్టే.

చట్టం ఏం చెబుతోంది?

ఉమ్మడి ఏపీలో వచ్చిన 1974 గేమింగ్ చట్టమే తెలంగాణలోనూ అమల్లో ఉంది. గుర్రపు పందేలపై బెట్టింగ్‌ను ఇది పూర్తిగా నిషేధించలేదు. కానీ షరతులు పెట్టింది:

* రేసు జరిగే రోజే పందెం కాయాలి.
* లైసెన్సున్న రేసుకోర్సులో కేటాయించిన ఆవరణలో, లేదా ప్రభుత్వం ఆమోదించిన చోట మాత్రమే కాయాలి.
* పందెం కాసే మనిషి స్వయంగా అక్కడ ఉండాలి.
* రేసుకోర్సు లైసెన్సీతో, లేదా వాళ్లు అనుమతించిన బుక్కీతోనే కాయాలి.

వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది జూదం కిందికే వస్తుంది.

మధ్యవర్తి సంగతేంటి?

పందెం డబ్బు వసూలు చేయడం, కాయమని అడగడం, గెలిచిన సొమ్ము పంచడం, ఇందుకు సాయపడటం.. ఇవన్నీ చట్టం దృష్టిలో బెట్టింగే. "నేను ఆడలేదు, కమీషనే తీసుకున్నా" అంటే కుదరదు. 2017 సవరణతో ఆన్‌లైన్ జూదం కూడా ఈ చట్టం పరిధిలోకి వచ్చింది.

గుర్రపు పందేలు నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అంతమాత్రాన ఊళ్లో కూర్చుని పందేలు వసూలు చేసేవాళ్లకు లైసెన్సు వచ్చినట్టు కాదు. జపాన్‌లోనైతే ఇతరుల కోసం పందెం టికెట్లు కొనిపెట్టడాన్ని వ్యాపారంగా చేస్తే నేరమని రేసుల చట్టంలోనే రాశారు.

డబ్బులు పోతే?

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన సొమ్ము ఇప్పించమని కోర్టుకెళ్లినా లాభం ఉండదు. పందెం కాయకుండానే డబ్బు మింగేస్తే మోసం కేసు పెట్టొచ్చు. కానీ అసలు ఆ డబ్బు ఎందుకిచ్చారన్న ప్రశ్న మీకూ ఎదురవుతుంది.

ఫోన్‌లో డబ్బు పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. లావాదేవీ వివరాలు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయొద్దు.