పసినిద్ర, పనిగంటలు

తెలుగులో పిల్లల నిద్రకి వాడే మాటలు ఒకసారి చూడండి. నిద్రపుచ్చడం, బజ్జోపెట్టడం, జోకొట్టడం, ఉయ్యాల ఊపడం. అన్నిట్లోనూ పిల్ల పక్కన ఇంకో మనిషి ఉన్నారు. పసివాడు తనంతట తాను, వేరే గదిలో, నిద్రలోకి జారుకోవడం 'నేర్చుకోవాలి' అనే ఊహకి మన దగ్గర సొంత మాట లేదు. అందుకే 'స్లీప్ ట్రైనింగ్' అని ఇంగ్లీషులోనే అంటాం. ఏడాదిన్నర పిల్లాడు పగటిపూట రెండు కునుకులు మాని ఒక్కదానికి దిగగానే ఇల్లు తలకిందులవుతుంది. మూడో నాలుగో ఏడు వచ్చేసరికి ఆ ఒక్కటీ వద్దంటాడు, మళ్ళీ మొదలు. పిల్లల నిద్ర ఇలా మారుతూ ఉండటం కొత్త సంగతి కాదు. అది పుస్తకాలూ, యాప్‌లూ, నిపుణులూ కావాల్సినంత సమస్య ఎప్పుడయిందన్నదే చరిత్రని అడగాల్సిన ప్రశ్న.

1992లో గిల్డా మోరెల్లీ, బార్బరా రోగోఫ్, మరికొందరు కలిసి గ్వాటెమాలాలోని మాయా తల్లులనీ, అమెరికా మధ్యతరగతి తల్లులనీ పోల్చి ఒక అధ్యయనం ప్రచురించారు. మాయా ఇళ్ళల్లో పిల్లలకి పడుకునే వేళంటూ ప్రత్యేకంగా లేదు. స్నానం, కథ, దీపం ఆర్పడం అన్న వరసా లేదు. నిద్రొస్తే ఎవరి ఒళ్ళోనో నిద్రపోయేవాళ్ళు, రాత్రికి అమ్మ పక్కన చేరేవాళ్ళు. అమెరికాలో పసిపిల్లల్ని వేరే గదిలో పడుకోబెడతారని విని ఆ తల్లులు విస్తుపోయారు, ఆ పిల్లల మీద జాలిపడ్డారు. దూలానికి వేలాడే చీర ఉయ్యాల, చేను గట్టున చెట్టుకొమ్మకి కట్టిన ఉయ్యాల చూసినవాళ్ళకి మాయా తల్లుల మాట అర్థం కావడం కష్టమేం కాదు. అమ్మ పని ఎక్కడుంటే ఉయ్యాల అక్కడికి వెళ్ళేది.

చిక్కంతా అమ్మ పని ఉయ్యాల వెళ్ళలేని చోటికి మారినప్పుడు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో తల్లులు మిల్లు సైరన్‌కి లేచి వెళ్ళిపోతే, పిల్లల్ని చూసే ముసలావిడ చేతికి ఒక సీసా వచ్చింది. పేరు గాడ్‌ఫ్రీస్ కార్డియల్, అందులో ఉన్నది నల్లమందు. అమెరికాలో 1849లో మార్కెట్లోకి వచ్చిన మిసెస్ విన్‌స్లోస్ సూతింగ్ సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. పళ్ళొచ్చే పిల్లల ఏడుపు మాన్పే మందని దాన్ని అమ్మారు. ఇలాంటి మందుల్లో ఏముందో సీసా మీద రాసి తీరాలన్న చట్టం అక్కడ 1906లో గానీ రాలేదు. అప్పటికే ఈ మందులతో నిద్రపోయి లేవని పిల్లలెందరో.

ఇది తెల్లవాళ్ళ కథ మాత్రమే అనుకోవద్దు. 1920ల మొదట్లో బొంబాయిలో మిల్లుల్లో పనిచేసే స్త్రీల ప్రసూతి పరిస్థితుల మీద డాక్టర్ బార్న్స్ అనే వైద్యురాలు విచారణ చేసింది. ఆ స్త్రీలకి పుట్టిన పిల్లల్లో నూటికి 98 మందికి నల్లమందు పెడుతున్నారని రాసింది. 'బాలగోళీ' అని చిన్న మాత్రలుగా అమ్మేవాళ్ళు. పొద్దున ఒకటి మింగిస్తే అమ్మ తిరిగొచ్చేదాకా పిల్ల లేవదు. ఆ తల్లుల్ని అజ్ఞానులని తిట్టడం తేలిక. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ చట్టం ఒప్పుకున్న పనిదినం 11 గంటలు. పాలిచ్చే తల్లి అన్ని గంటలు ఇంట్లో లేకపోతే ఆకలితో లేచే పిల్లని ఎవరు చూస్తారన్న ప్రశ్నకి ఊళ్ళో దొరికిన జవాబు ఆ గోళీ.

డబ్బున్న ఇళ్ళల్లో గోళీకి బదులు గడియారం వచ్చింది. న్యూయార్క్ వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ 1894లో పిల్లల పెంపకం మీద ఒక ప్రశ్నోత్తరాల పుస్తకం వేశాడు. పాలకి వేళ, నిద్రకి వేళ. ఉయ్యాల ఊపడం అనవసరమైన అలవాటన్నాడు. అలవాటు కొద్దీ ఏడ్చే పిల్లని గంటైనా, అవసరమైతే రెండు మూడు గంటలైనా ఏడవనివ్వమన్నాడు. దశాబ్దాల పాటు అమెరికన్ ఇళ్ళల్లో అది చెలామణి అయింది. అయితే ఆ పుస్తకం ఎక్కడ పుట్టిందో గుర్తుపెట్టుకోవాలి. పిల్లల ఆసుపత్రిలో శిక్షణ పొందే ఆయాల కోసం రాసిన పాఠాలవి. ఒక వార్డు, వరసగా మంచాలు, కొద్దిమంది ఆయాలు. అలాంటి చోట గడియారం లేకపోతే పని నడవదు. వార్డుకి పనికొచ్చిన ఆ క్రమశిక్షణే తర్వాత ఒక్క పిల్ల ఉన్న ఇంటికి సైన్స్ పేరుతో చేరింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు తలో దిక్కుకీ లాగారు. 1928లో మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ పిల్లల్ని హత్తుకోవద్దన్నాడు, మరీ తప్పకపోతే పడుకునే ముందు నుదుటి మీద ఒక్క ముద్దు, పొద్దున్నే కరచాలనం చాలన్నాడు. 1946లో బెంజమిన్ స్పాక్ వచ్చి, మీకు తెలుసనుకుంటున్న దానికన్నా మీకు ఎక్కువే తెలుసని తల్లులకి ధైర్యం చెప్పాడు. కానీ పడుకోనని మొండికేసే పిల్లల విషయానికొస్తే ఆయనా గుడ్ నైట్ చెప్పి బయటికొచ్చేయమనే అన్నాడు. 1985లో రిచర్డ్ ఫెర్బర్ పిల్ల ఏడుస్తుంటే లోపలికి వెళ్ళే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచమన్నాడు. 2006 నాటికి పిల్లలు పెద్దవాళ్ళ పక్కన పడుకోవడం మీద తన పట్టు సడలించుకున్నాడు. ఒక్క శతాబ్దంలో సలహాలు ఇన్నిసార్లు మారాయి. ఈ కాలంలో పిల్లల మెదళ్ళేమీ మారలేదు, మారింది ఇళ్ళల్లో ఎన్ని చేతులున్నాయన్నదీ, ఆ చేతులు ఎన్ని గంటలు ఖాళీగా ఉన్నాయన్నదీ.

అలాగని చీర ఉయ్యాలే స్వర్గమని చెప్పడం లేదు. ఆ ఉయ్యాల ఊపిన చేతులెవరివో చూడాలి. నాయనమ్మ సరే, ఆమె లేని ఇంట్లో అది ఎనిమిదేళ్ళ అక్క చెయ్యి. తమ్ముడు నిద్రపోయేదాకా ఊపి, లేచాక చంకనెత్తుకుని తిరిగిన ఆ పిల్ల బడికి వెళ్ళలేదు. 1986 జాతీయ విద్యావిధానం ఈ మాట ఒప్పుకుంది. తోబుట్టువుల్ని చూసుకునే ఆడపిల్లలు చదువుకోవాలంటే పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు కావాలని అందులో రాశారు. మనం ముచ్చటగా గుర్తుచేసుకునే జోలపాటల వెనక చదువు ఆగిపోయిన అక్కలు కూడా ఉన్నారు.

చట్టాలూ ఈ చేతుల లెక్క చుట్టూనే తిరిగాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకి శిశుగృహం ఉండాలంది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ, 50 మంది ఉద్యోగులున్న ఏ సంస్థకైనా దీన్ని వర్తింపజేసింది. తల్లి రోజుకి 4 సార్లు వెళ్ళి పిల్లని చూసుకోవచ్చని చేర్చింది. 'తల్లి' అనే రాసింది, తండ్రి ఊసు లేదు. చట్టం పుస్తకంలో ఉన్నంత తేలిగ్గా ఆఫీసుల్లో కనిపించదన్నది ఉద్యోగాలు చేసే అమ్మలందరికీ తెలుసు.

2010లో 17 దేశాలు, ప్రాంతాల్లో 29,287 మంది మూడేళ్ళలోపు పిల్లల నిద్ర వేళల్ని పోల్చిన సర్వే ఒకటి వచ్చింది. మన దేశం కూడా అందులో ఉంది. న్యూజిలాండ్ పిల్లలు సగటున రాత్రి 7:30 ప్రాంతంలో పడుకుంటే, హాంకాంగ్ పిల్లలు 10:15 దాటాక. ఆసియా అంతటా పడుకునే వేళ ఆలస్యం, అమ్మానాన్నల పక్కలో పడుకోవడం ఎక్కువ. ఈ తేడా పిల్లల స్వభావంలో ఉందనుకోవడం కష్టం.

హైదరాబాదులో సాయంత్రం ట్రాఫిక్ దాటి ఎనిమిదింటికి ఇల్లు చేరి, తొమ్మిదింటికి అమెరికా వాళ్ళతో కాల్ ఉన్న తండ్రి ముఖం చూడాలంటే రెండేళ్ళ పిల్ల మేలుకునే ఉండాలి. అదే పిల్లని డే కేర్లో మధ్యాహ్నం ఒంటిగంటకి చాప మీద పడుకోబెడతారు, నిద్రొచ్చినా రాకపోయినా. ఎందుకంటే ఆయా అన్నం తినేది అప్పుడే. మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్న పిల్ల రాత్రి పదకొండింటికీ ఆడుతూ ఉంటే అమ్మ ఫోన్లో స్లీప్ రొటీన్ గురించి వెతుకుతుంది. తన పెంపకంలో ఏదో లోపముందని మథనపడుతుంది.

యాప్ చెప్పే వేళలు కొన్ని పనికొస్తాయి, చీకటి గదీ ఒక పాటా పనికొస్తాయి. కానీ పిల్లాడు పదకొండయినా పడుకోవట్లేదని ఎవరైనా వాపోతే, ముందు అడగాల్సింది వాళ్ళింట్లో పెద్దవాళ్ళు పని దిగి ఎన్నింటికి వస్తున్నారని.