దవడపంటి గాడి: దానిని మూయుటకై జరిగిన యత్నముల చరిత్ర

ఆరేండ్లు నిండవచ్చిన బిడ్డ నోటిలో, పాలపళ్ల వరుసకు వెనుకగా, పైన రెండును క్రింద రెండును నాలుగు పెద్ద దవడపళ్లు మొలచును. ముందుపన్ను కదలినది మొదలు ఊడువరకు ఇంటిల్లిపాదికిని అదియే వార్త. ఊడిన పంటిని ఇంటికప్పుపైకి విసరించి సంబరపడు ఆచారము మన పల్లెలలో నేటికిని కొంత మిగిలియే యున్నది. ఈ వెనుకటి పళ్లు మాత్రము ఏ పాలపంటిని త్రోసివేయక, ఖాళీగా నున్న చోట చిగుళ్లను చీల్చుకొని చడీచప్పుడు లేక వచ్చును గనుక తల్లికి సైతము వాని రాక తెలియదు; తెలిసిన తల్లియు అవియు పాలపళ్లే యని తలచి, పుచ్చిన నేమి, ఎట్లును ఊడునవే కదా యని ఊరకుండును. అవి ఊడునవి కావు. బ్రతికినన్నాళ్లును నమలవలసిన పళ్లు అవియే. పోయినచో వాని చోట మరియొకటి రాదు. అట్టి పళ్లే, మొట్టమొదట వచ్చిన శాశ్వతదంతములే, అన్నిటికంటె ముందుగా పిప్పిపళ్లగుచుండుట దంతవైద్యులను శతాబ్దికి పైగా వేధించిన సమస్య.

వాని దురదృష్టము వాని రూపమునందే యున్నది. నములుటకు వీలుగా ఆ పంటి పైభాగము గుట్టలు గుట్టలుగా నుండును. చిగుళ్లలోపల పన్ను ఏర్పడు కాలమున ఆ గుట్టలు వేర్వేరుగా పెరిగి, తుదకు ఒకదానినొకటి తాకినచోట పంటిపైని గట్టి పింగాణి పొర (ఎనామెల్) పూర్తిగా కలిసికొనక సన్నని గాడి యొకటి నిలిచిపోవును. అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో, కొన్ని గాడులు మట్టికూజావలె మెడ ఇరుకుగాను కడుపు వెడల్పుగాను ఉండి, అడుగున పింగాణి మిక్కిలి పలుచనై కానవచ్చును. ఆ మెడ వెడల్పు తరచుగా మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే. పళ్లు తోము బ్రష్షు కుచ్చులోని ఒక్క పోగు దానికి ఇంచుమించు రెట్టింపు లావుండును. వేపపుల్ల నమలి తోమినను, వెలగల బ్రష్షుతో తోమినను శుభ్రపడునది గాడి గట్టులే కాని గాడి కాదు. నోటిలోని పండ్ల ఉపరితలమంతటిలో ఈ గాడులుగల భాగము ఎనిమిదవ వంతు మాత్రమే యైనను, బడిపిల్లల దంతక్షయములో అత్యధికభాగము పుట్టునది అక్కడనే.

పుచ్చుటకు పురుగే కారణమని పూర్వులు నమ్మిరి. సుశ్రుతసంహితలో కృమిదంతమను వ్యాధి చెప్పబడినది; మెసొపొటేమియా మట్టిపలకలమీదను పంటిపురుగు కథ కలదు. ఫ్రాన్సు దేశీయుడగు పియెర్ ఫోషార్ 1728లో ప్రకటించిన తన మహాగ్రంథమునందు, సూక్ష్మదర్శినితో వెదకియు ఆ పురుగు తనకు కనబడలేదని స్పష్టముగా వ్రాసెను. అసలు సంగతిని బయటపెట్టినవాడు బెర్లినులో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు విల్లోబీ మిల్లరు. నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థమును చక్కెరను పులియజేసి ఆమ్లమును పుట్టించుననియు, ఆ ఆమ్లము పంటిలోని ఖనిజమును కరగించుననియు ఆయన 1890 నాటి గ్రంథమున నిరూపించెను. ఆమ్లము పుట్టుటకు ఆహారము నిలువయుండవలెను. నిలువయుండుటకు గాడికంటె అనువైన చోటు నోటిలో లేదు. కావున గాడిని మూసివేసినచో చాలునన్న ఊహ అప్పుడే పుట్టినది. 1895లోనే విల్సనను నాతడు పుచ్చని గాడులలో దంతసిమెంటును నింపి చూచెను. ఊహ సరియైనదే, సిమెంటు నిలువలేదు. పింగాణికంటె నునుపైన, నోటికంటె తడియైన తావు మరియొకటి లేదు గదా, దేనిని అతికించినను కొలదికాలములోనే ఊడివచ్చుచుండెను.

అతుకు దొరకనందున వైద్యులు కత్తిని పట్టిరి. ఆధునిక దంతవైద్యమునకు పితామహుడని పేరొందిన గ్రీన్ వార్డిమన్ బ్లాక్, పుచ్చినచోటును మాత్రమే తొలచిన చాలదు, పుచ్చగల పొరుగు గాడులను సైతము తొలచి నింపవలెనని పందొమ్మిదవ శతాబ్ది చివర సిద్ధాంతము చేసెను. 1923లో థాడియస్ హయట్ మరియొక అడుగు ముందుకు వేసి, ఏ రోగమును లేని క్రొత్తపంటి గాడిని గూడ ముందుగానే చిన్న రంధ్రముగా తొలచి, వెండి పాదరసముల మిశ్రమముతో నింపుట మేలనెను. ఈ హయట్ మెట్రొపాలిటన్ జీవితబీమా సంస్థకు దంతవిభాగాధిపతి యని తెలిసినప్పుడు ఆ తర్కము ఎక్కడనుండి వచ్చినదో కొంత బోధపడును: నష్టము తప్పనిదైనపుడు, చిన్న నష్టమును ముందే చెల్లించుట లాభము. నవ్వి త్రోసివేయదగిన మాట కాదది. ఆనాటి పిల్లల నోళ్లలో దవడపన్ను పుచ్చక నిలుచుట నిజముగా అరుదు. అయినను ఆరోగ్యముగల అవయవమును కోయుటకు మనసొప్పని వారును ఉండిరి. వారిలో చార్లెస్ బోడెకర్ 1929లో, గాడిని నింపుటకు మారుగా దాని అంచులను అరగదీసి వెడల్పు చేసినచో బ్రష్షు తనంత తానే అడుగంట పోవునని సూచించెను. ఇదియు కోతయే, కాకున్న కొంచెము దయగల కోత.

మందులు పూసి గాడిని గట్టిపరచవలెనని చూచినవారి కథ త్వరగా ముగియును. అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేటు ఫలమియ్యలేదని 1942లోను, జింక్ క్లోరైడు పొటాసియం ఫెర్రోసయనైడుల పూత ఫలమియ్యలేదని 1950లోను పరీక్షలు తేల్చినవి.

ఈ నడుమ మరియొక వైపునుండి పెద్ద ఆశ వచ్చినది. అందు తెలుగుదేశమునకును ఒక పాత్ర కలదు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమున పళ్లు గోధుమరంగు మచ్చలు పడుటకు నీటిలోని ఫ్లోరైడు కారణమని 1931లో తెలియుటయు, ఆ మచ్చల పళ్లు పుచ్చుట తక్కువ యని గమనింపబడుటయు, 1945లో గ్రాండ్ రాపిడ్సు నగరము త్రాగునీటిలో తగుమాత్రముగ ఫ్లోరైడు కలుపుటయు వరుసగా జరిగినవి. అదే ఫ్లోరైడు మితిమీరినపుడు పళ్లనే గాక ఎముకలను వెన్నును సైతము బిగదీసి మనిషిని కుంటివానిని చేయునని 1937లో వైద్యపరిశోధకులు లోకమునకు చూపినది మన నెల్లూరు జిల్లా గ్రామములలోనే. నల్లగొండ కష్టము తరువాత అందరెరిగినది. ఒక్క ధాతువు ఒక ఖండమున వరమై మరియొక ఖండమున శాపమైన ఈ కథ వేరుగా వ్రాయదగినది. ఇచ్చట చెప్పవలసినది ఒక్కటే: తగుపాళ్లలో ఇచ్చిన ఫ్లోరైడు పంటి ప్రక్కలను, పళ్ల సందులను కాపాడినంతగా గాడులను కాపాడలేదు. నీరు మారిన పట్టణములలో ప్రక్కల పుచ్చులు తగ్గినకొలది, మిగిలిన వ్యాధి యంతయు గాడులలోనే కూడుకొనుచు వచ్చినది.

సమస్యకు పరిష్కారము రంగుల కార్ఖానానుండి వచ్చుట విచిత్రము. న్యూయార్కు రాష్ట్రమున రోచెస్టరు నగరములో, కొడాక్ కెమెరాల యజమాని జార్జి ఈస్ట్‌మన్ పేదపిల్లల కొరకు ద్రవ్యమిచ్చి నెలకొల్పిన దంతవైద్యశాల 1917లో తెరవబడినది. అచ్చట పరిశోధకుడుగా నున్న మైకెల్ బువొనొకోర్, లోహపు రేకులకు రంగు గట్టిగా పట్టుటకై పరిశ్రమలవారు ముందుగా ఫాస్ఫారికామ్లముతో వానిని తడుపుదురన్న సంగతిని ఎరిగియుండెను. లోహమునకు పనికివచ్చినది పంటికేల పనికిరాదు? పంటికి ఆమ్లము శత్రువని మిల్లరు కాలమునుండి పాఠము చెప్పుకొను వృత్తిలో ఈ ప్రశ్న వేయుటకే కొంత సాహసము కావలెను. ఆయన నూటికి ఎనుబదియైదు పాళ్ల ఫాస్ఫారికామ్లమును ముప్పది సెకనులపాటు పింగాణిపై నుంచి, కడిగి, ఆరబెట్టి, అటుపై ఆక్రిలిక్ బొట్టును అతికించెను. ఆమ్లము తాకని పంటిమీది బొట్టు గంటలలోనే ఊడగా, తాకిన పంటిమీది బొట్టు వారములకొలది నిలిచెను. 1955లో ప్రకటితమైన ఆ వ్యాసము నిడివిలో చిన్నది. నేటి దంతవైద్యమున అతికింపబడు ప్రతి వస్తువునకును మూలము అదియే యనిన అతిశయోక్తి కాదు. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు మాత్రము చాల తక్కువ.

ఆమ్లము చేసిన పని యేమో పిమ్మట విశదమైనది. అది పింగాణిని సమముగా కరగింపక, కడ్డీకట్టలవంటి దాని అమరికలో కొన్నిటిని ఎక్కువగాను కొన్నిటిని తక్కువగాను తినివేసి, కంటికి కానరాని రంధ్రములను లెక్కలేనన్నిటిని తెరచును; ఆక్రిలిక్ వంటి పలుచని రెసిను ఆ రంధ్రములలోనికి పారి గట్టిపడి వ్రేళ్లు దించినట్లు పట్టుకొనును. ఈ వ్రేళ్లను గ్విన్నెట్, మట్సుయి అను వారు 1967లో స్పష్టముగా చూపిరి. అదే యేట బువొనొకోరును ఆయన శిష్యుడు ఎరిబెర్టో క్వేటోయు, సయనోఆక్రిలేటు జిగురుతో బిడ్డల పంటిగాడులను మూసి, యేడాదిలో పుచ్చులు నూటికి 86 పాళ్లు తగ్గినవని ప్రకటించిరి. ఆ జిగురు నోటి తడిలో చివుకునది. దాని స్థానమును ఆక్రమించినది రేఫెల్ బోవెన్ అంతకుముందు 1962 నాటికి సిద్ధపరచిన బిస్‌జిఎంఎ అను రెసిను. 1971లో అతినీలలోహిత కిరణములతో గట్టిపడు సీలెంటు, అనగా గాడిని మూయు పూత, అంగడికి వచ్చినది. తరువాత, రెండు ద్రవములను కలిపిన తమంతట గట్టిపడునవియు, కంటికి కనబడు నీలికాంతితో గట్టిపడునవియు వచ్చి అతినీలలోహితమును త్రోసివేసినవి.

నేడు ఈ పని జరుగు తీరును దగ్గరనుండి చూచినవారికి, ఇంత చరిత్ర ఇంత చిన్న క్రియలో ముగిసినదా యనిపించును. సూది లేదు, డ్రిల్లు చప్పుడు లేదు. పంటిని శుభ్రపరచి, చెంపకును నాలుకకును నడుమ దూదిచుట్టలు పెట్టి, నీలిరంగు ఆమ్లపుజెల్లును గాడిపై పాముదురు. పదునైదు సెకనులో ముప్పది సెకనులో గడచినపిదప నీటితో కడిగి గాలితో ఆరబెట్టగా, మెరయుచుండిన పింగాణి మెరుపు వీడి సుద్దముక్కవలె తెల్లబారును. ఆ తెలుపు కనబడనిచో మరల మొదటినుండి. ఫ్లోరైడు మితిమీరి ఫ్లోరోసిస్ తగిలిన పింగాణి ఆమ్లమునకు అంత సులభముగా లొంగదు గనుక అట్టి పంటిపై జెల్లును మరికొంతసేపు నిలుపవలసి వచ్చును. తెల్లబడిన తరువాతి క్షణములే గడ్డుకాలము: బిడ్డ నాలుక ఒక్కసారి చిలిపిగా కదలి ఉమ్మి తాకెనా, తెరచుకొన్న రంధ్రములు మూసికొనిపోయి పెట్టినదంతయు నెలలలో ఊడిపోవును. సీలెంటు విఫలమైనచో దోషము చాలవరకు మందుది కాదు, తడిది. పిమ్మట రెసినును సన్నని మొనతో గాడివెంట పారించి, గాలిబుడగ నిలువకుండ చూచి, నీలిదీపమును సుమారు ఇరువది సెకనులు చూపినచో పని ముగియును. రంగుకాగితము కొరికించి ఎత్తు సరిచూచుట మాత్రమే శేషము.

ఫలమునకు సాక్ష్యము కొరతపడలేదు. రిచర్డ్ సైమన్సన్ అను అమెరికా వైద్యుడు ఒక్కసారి మాత్రమే సీలెంటు వేసిన మొదటి దవడపళ్లను పదునైదేండ్లకు మరల పరీక్షించి 1991లో ప్రకటించెను: నూటికి 28 పళ్లలో మూత సంపూర్ణముగ, మరి 35 పళ్లలో కొంతమేర నిలిచియుండెను, మూసిన పళ్లలో పుచ్చినవియో పూడ్చబడినవియో నూటికి 31, మూయని పళ్లలో 83. 1983 డిసెంబరులోనే అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు నిపుణులను సమావేశపరచి ఈ పద్ధతి సురక్షితము, సఫలము నని తేల్చి, దీని వాడుక మందకొడిగా నుండుటకు విచారపడినవి. అయినను ఆ దశాబ్దిచివర అమెరికా బడిపిల్లలలో సీలెంటు గలవారు నూటికి 8 మంది కంటె తక్కువయే. కారణములు పెక్కు చెప్పబడినవి. పుచ్చు పూడ్చినందుకు సొమ్మిచ్చు బీమా సంస్థలు పుచ్చకుండ మూసినందుకు ఇయ్యకుండుట ఒకటి. రానిరోగమునకు వైద్యమేల యను తల్లిదండ్రుల సందేహము మరియొకటి. కాని వైద్యుల లోపలి భయమే అన్నిటికంటె బలమైనదని నాకు తోచుచున్నది: గాడి అడుగున కంటికందని పుచ్చు అదివరకే యుండగా పైన మూత బిగించితిమేని, లోపల దొంగను పెట్టి తలుపు వేసినట్లగునేమో యని వారు జంకిరి.

ఈ భయమును తీర్చినదియు ఆ రోచెస్టరు సంస్థయే. స్టాన్లీ హాండెల్మనును ఆయన సహచరులును, ఆరంభదశలోనున్న పుచ్చులపై బుద్ధిపూర్వకముగనే సీలెంటు వేసి, రెండేండ్ల పిదప మూత తీసి లోపలి సూక్ష్మజీవులను లెక్కింపగా, అవి మిక్కిలి క్షీణించియుండుట 1976లో వెల్లడించిరి. పైనుండి చక్కెర అందని జీవులు ఆమ్లమును పుట్టింపలేవు. మూత నిలిచినంతకాలము పుచ్చు నిలిచిపోవును. జార్జియా రాష్ట్రమున మెర్ట్జ్-ఫెయిర్‌హర్స్ట్ బృందమువారు మరింత సాహసించి, స్పష్టముగా పుచ్చిన గుంటలలోని మెత్తబడిన భాగమును తొలగింపకయే, చుట్టునున్న గట్టి పింగాణికి అంటునట్లు మూతవేసి పదేండ్లు కనిపెట్టి, ఆ పుచ్చులు ముందుకు సాగలేదని 1998లో ప్రకటించిరి. పుచ్చని పంటిని గూడ తొలువవలెనన్న హయట్ మాటకు అప్పటికి డెబ్బదియైదేండ్లు. పుచ్చిన పంటిని గూడ కొన్ని యెడల తొలువ నక్కరలేదన్నంతవరకు వాదము తిరిగినది.

దీపమును గాలిగొట్టమును లేని చోట్లకు వేరొక మార్గము దొరికినది. లండనులో విల్సన్, కెంట్ అనువారు 1970 ప్రాంతమున కనిపెట్టిన గ్లాస్ అయానమరు సిమెంటు తడిని కొంత సహించును, పంటికి రసాయనబంధముతో అంటును, తనలోని ఫ్లోరైడును మెల్లమెల్లగా విడుచును. రెసినంత కాలము నిలువదు. కాని విద్యుత్తు లేని పల్లెబడిలో, బల్లమీద పరుండబెట్టిన పిల్లవాని దవడపంటిపై పెట్టి వేలితో నొక్కి పట్టుకొన్నను చాలును. చివరకు కనబడకుండ ఊడిపోయినను గాడి అడుగున కొంత మిగిలి పని చేయుచుండునని పరిశీలకులు చెప్పుదురు. పూర్తిగా మొలవక సగము చిగురు కప్పియున్న దవడపంటిని పొడిగా నుంచుట అసాధ్యము గనుక, పట్టణపు వైద్యశాలలలోను అట్టి పంటికి మొదట దీనినే వేసి, పన్ను పూర్తిగా పైకి వచ్చిన పిదప రెసినును వేయు వైద్యులు కలరు.