జేబుచాకు

కత్తి యనగానే మన చరిత్రగ్రంథములలో రాజులు, రణములు, జయస్తంభములు కనబడును. కాని లోకమున కత్తి చేసిన పనులలో యుద్ధము స్వల్పభాగము. దినమునకు పదిమారులు మనుష్యుని చేతికి వచ్చి, పండు కోసి, పుల్ల చెక్కి, దారము తెంపి, మరల తనలో తాను ముడుచుకొని జేబులో నొదిగియుండు చిన్నచాకునకు చరిత్ర వ్రాసినవారు అరుదు. శ్రోతలారా, నేటి నా ప్రసంగము దానిని గూర్చియే.

సికిందరాబాదు నగరమున బన్సీలాల్‌పేట్ అను పేట కలదు. నిజాము సికందర్ జా పేరిట 1806లో ఈ నగరము వెలసెను. ఈ పేట పూర్వము నాగన్నకుంట యని పిలువబడెడిది. 1933లో రెసిడెంటు కీస్ దొరగారి కాలమున దానిని ఆదర్శనివాసముగా తీర్చి, ధనసాహాయ్య మొనర్చిన సేఠ్ బన్సీలాల్ పేరిడిరి. అచ్చటి మెట్లబావి చిరకాలము చెత్తతో పూడి, జనులకు మరపువచ్చి, పిమ్మట పూడికదీయబడి 2022 డిసెంబరు 5వ తేదీన మరల ప్రజల కన్నులబడెను. బావికి పూడికదీసినట్లే అప్పుడప్పుడు మాటలకును పూడిక దీయవలసియుండును. ఆ వీధులలో తెలుగు, దక్కనీ, అరవము, మార్వాడీ కలసి వినవచ్చును. అట్టి కలయికకు సాక్షియైన మాట యొకటి ‘చాకు’. తురుష్కభాషలో పుట్టి, పారసీకమున పెరిగి, ఉర్దూ వెంట దక్షిణమునకు వచ్చి, తెలుగువాని నోట ఇది యిట్లు స్థిరపడినది.

అంతకు ముందు మనకు చాకు లేదనుకొనరాదు. అమరసింహుడు తన నిఘంటువున చిన్నకత్తికి శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక యని నాలుగు పేర్లు చెప్పినాడు. అసిపుత్రి యనగా కత్తికి కూతురు. ఎంత సొగసైన పేరు! కూతురు పుట్టినింట యుద్ధవార్తలు వినియుండవచ్చును గాని, మెట్టినింట వంటయు, వ్రాతయు, వైద్యమును నేర్చినది. ఈ మెట్టినింటి కథయే మనకు ముఖ్యము.

అందులో మొదటిది వ్రాత. తాళపత్రములపై వ్రాయువానికి గంటము ఒక్కటే చాలదు. ఆకును ఈనె తీసి, కొలతకు కోసి, అంచులు సమముగా చెక్కుటకు పదునైన అలుగు కావలెను. అందుచే దక్షిణదేశమున కొన్ని గంటములకు రెండవకొనను చాకుండెడిది; మరికొన్నింటిలో చాకును గంటమును ఒకే పిడిలోనికి ముడుచుకొనెడివి. లేఖకుడు దానిని మొలలో దోపుకొని పోవుచుండెను. గంటపుమొన గీసిన గీతలలో మసియు పసరును రుద్దగా అక్షరములు నల్లగా తేలెడివి. మన పురాణములు, కావ్యములు, వైద్యగ్రంథములు ఈ చిన్నపనిముట్టు చేతిమీదుగానే తరతరములు దాటి మనకు చేరినవి.

కాగితము వచ్చిన పిదప రెల్లుకలము వచ్చినది. మునిషీగారి కలందానులో సిరాబుడ్డి, కలములతో పాటు ‘కలంతరాష్’ అను చిన్నచాకు విధిగా నుండెడిది. కలము చెక్కుట యొక విద్య. మొదట రెల్లును ఏటవాలుగా కోసి, లోని బెండును తీసి, రెండు ప్రక్కలు సన్నపరచి, మొనను నడుమ చీల్చి, తుదకు ఎముకపలకమీద నుంచి ఒక్క వేటుతో మొనను నరుకవలెను. ఆ చివరివేటు వాలునుబట్టియే అక్షరము లావును సన్నమును పొందును. చాకు మొద్దైనచో చీలిక వంకరపోవును. చీలిక వంకరపోయినచో సిరా నిలువదు. హైదరాబాదు రాజ్యమున 1884 ప్రాంతమువరకు పారసీకమును, తరువాత ఉర్దూయు ప్రభుత్వభాషలుగా నున్నవి. ఆ కచ్చేరీల ఆజ్ఞలన్నియు ఇట్లు చెక్కిన కలముల నుండియే వెలువడినవి.

ఆంగ్లదేశమునను ఇదియే కథ. అచ్చటివారు పక్షియీకతో వ్రాయుచు, దానిని చెక్కు చాకునకు కలపుచాకని పేరిడిరి. 19వ శతాబ్ది పూర్వార్ధమున బర్మింగుహాము కర్మాగారములు ఉక్కుపాళీలను లక్షలకొలది చేసి యమ్మగా ఈక పోయినది. ఈక పోయినను చాకు పోలేదు, పేరును మారలేదు. పని పోయిన పిదప పేరు నిలుచుట భాషాచరిత్రలో తరచు చూచెడి వింత.

ఇక ఉక్కు మాట. మన నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మూసయుక్కునకు విఖ్యాతము. ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతులు మెత్తి, బొగ్గుకొలిమిలో దీర్ఘకాలము కాచి కమ్మరులు దానిని సిద్ధపరచెడివారు. 1820 ప్రాంతమున అచ్చటికి వెళ్లిన డాక్టరు వాయిసీ, పారసీకదేశపు వర్తకులు స్వయముగా వచ్చి ఆ యుక్కును కొనిపోవుట చూచి వ్రాసినాడు. భారతదేశపు మూసయుక్కును ఐరోపావారు ‘వూట్జ్’ అనిరి. ఇది మన ‘ఉక్కు’ శబ్దమునకు వికారమని పలువురు పండితుల మతము. బొంబాయినుండి లండనునకు పంపబడిన ఇట్టి యుక్కును జార్జి పియర్సను పరీక్షించి 1795లో ప్రకటించినాడు. రాయల్ సొసైటీ అధ్యక్షుని కోరికపై స్టొడార్టు అను కత్తులపనివాడు దానితో మొదట చేసినది ఖడ్గము కాదు, ఒక కలపుచాకు! దాని వాదర శ్రేష్ఠమైన ఉక్కుచాకుతో సమానముగా కోసెనని ఆ పత్రమున కలదు. ఈ స్టొడార్టుతోడనే తరువాత మైకేల్ ఫారడే ఉక్కుమిశ్రమములపై పరిశోధనలు చేసి 1820, 1822 సంవత్సరములలో ప్రకటించెను. మన దేశపు లోహవిద్యకు లండనులో మొదటి పరీక్షాపత్రము ఒక చిన్నచాకగుట నాకు మిక్కిలి సంతోషము కలిగించును.

ముడుచుచాకు నిర్మాణము సులభము. పిడి రెండు చెక్కలు. వాని నడుమ గాడి. గాడిలో నొదుగు అలుగు. ఒక చివర సీల. చవుకచాకులలో సీల బిగువే అలుగును నిలుపును. మేలైన వానిలో పిడివెన్నున ఒక ఉక్కుపట్టీ యుండి, తెరచినప్పుడును మూసినప్పుడును అలుగుమడమను నొక్కి పట్టును. మూసినపుడు వినవచ్చు ఆ ‘టక్కు’మను చప్పుడు ఈ పట్టీదే. పదును తగ్గినచో సాన పట్టవలెను. సానకు కురువిందపుపొడిని లక్కతో కలిపి చక్రములు చేయుట మన దేశపు పాతపద్ధతి. ఆంగ్లేయులు ఆ రాతికి వాడు ‘కొరండం’ అను పేరును మన దక్షిణభాషలలోని మాటయే.

దీని నిత్యోపయోగములు లెక్కింప నలవికాదు. ఉదయమున వేపపుల్ల కోయుట, మధ్యాహ్నము మామిడిచెక్క తీయుట, చెరకుగడ చెక్కుట, బస్తా కుట్టుదారము తెంపుట, ఉత్తరము విప్పుట, ముల్లు తీయుటకు చర్మము కొంచెము రేపుట, అంటుకట్టుటకు కొమ్మను ఏటవాలుగా చీల్చుట, పిల్లవానికి తాటాకుబొమ్మ చేసి యిచ్చుట: ఇవన్నియు చాకుపనులే. బాలింత మంచము క్రింద ఇనుమునుంచు నాచారమున సైతము చాకునకు చోటు కలదు. కత్తిని చేతికి చేయిగా నిచ్చినచో కలహము వచ్చునని పెద్దలందురు. కలహము మాట యెట్లున్నను, క్రింద నుంచిన దానిని తీసికొనువానికి వ్రేలు తెగదు. మూఢాచారమని నవ్వుటకు ముందు అందలి వివేకమును గ్రహింపవలెను.

అయినను నేడు చాకనగానే జనులు జంకుచున్నారు. ఉత్తరదేశపు రాంపురము చాకులకు ప్రసిద్ధము. ఆ పేరు చలనచిత్రములలో దుండగుల చేతికెక్కి చాకుజాతికంతకు అపకీర్తి తెచ్చినది. కాని చట్టము జనులకంటె వివేకముగా మాటలాడినది. 1959 నాటి ఆయుధచట్టము క్రింద 1962లో చేసిన నియమములు 9 అంగుళములకు మించి పొడవుగాని, 2 అంగుళములకు మించి వెడల్పుగాని గల అలుగును ఆయుధములలో చేర్చుచు, గృహకృత్యములకు, వ్యవసాయమునకు, శాస్త్రీయ పారిశ్రామిక కార్యములకు ఏర్పడినవానిని విడిచిపెట్టినవి. అనగా వంటింటిని, పొలమును, పనిశాలను చట్టము గుర్తించినది. మన భయము వానిని గుర్తించుట లేదు.

ఈ భయమువలన పాఠశాలలలో జరిగినదేమి? పిల్లవాని చేతినుండి చాకును తీసివేసి, సీసపుకడ్డీ చెక్కుటకు గడ్డముగీయు బ్లేడులో సగమును ఇచ్చితిమి. చాకునకు పిడి యున్నది, మూత యున్నది; అర్ధబ్లేడునకు రెండును లేవు. బహువత్సరములు ఉపాధ్యాయత్వము చేసిన నేను చూచినంతలో, తెగిన వ్రేళ్లు చాకుచే కంటె ఆ బ్లేడుచే తెగినవే యెక్కువ. పిమ్మట తిప్పుడుమరలు వచ్చి వ్రేళ్లను రక్షించినవి. మంచిదే. కాని అలుగును తననుండి ఆవలికి త్రోయవలెనని, తెరచిన చాకుతో నడువరాదని, ఇతరులకు మూసియే యీయవలెనని, పదునులేని కత్తియే బలవంతముగా నొక్కించి చేతిని కోయునని నేర్చుకొను అవకాశము మాత్రము పోయినది. ఇవి చేతికి సంబంధించిన పాఠములు. చెప్పిన రావు, చేసిన వచ్చును.

నేను తరగతికి చాకులు తిరిగి తెమ్మనుట లేదు. కిక్కిరిసిన బడిలో అది తగదు. ఇంటియొద్ద, పెద్దల యెదుట, పదియేండ్లు దాటిన బాలునకును బాలికకును ఒక మామిడికాయయు, ఒక చిన్నచాకును ఇచ్చి కూర్చుండబెట్టుడని మాత్రమే నా మనవి. పనిముట్టును ఆయుధముగా చేయునది ఇనుము కాదు, పట్టినవాని శిక్షణము లేని చేయి. శిక్షణమిచ్చు భారము ఇంటిపెద్దలది. ఆ భారమును వారు వహించినచో అసిపుత్రి ఇకమీదటను మన యిండ్లలో కూతురివలెనే మసలును.