ఇంటి దగ్గరి దూరాలు

తెలుగులో యాత్రా చరిత్ర అనగానే ముందుగా గుర్తొచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మా హైదరాబాదు మీదుగా వెళ్ళి, పదిహేను నెలలకు పైగా తిరిగి 1831లో ఇల్లు చేరాడు. వెంట కుటుంబం, పరివారం, బోయీలు. ఆ ప్రయాణం చేసిన స్త్రీలు కూడా అవే ఎండల్లో నడిచారు, అవే నదులు దాటారు, వాళ్ళ వంటలతోనే ఆ యాత్ర సాగింది. వాళ్ళేం చూశారో మనకు తెలీదు. పుస్తకం ఆయనది.

కాశీకి, కాశ్మీరుకి వెళ్ళి రాసిన రచయిత్రులు మనకి తర్వాత వచ్చారు. నేను చెప్పబోయేది అంత దూరం ప్రయాణాల గురించి కాదు. బస్సు టికెట్టు డబ్బులతో అయిపోయే, వంట చేసి వెళ్ళి మళ్ళీ వంట వేళకి తిరిగిరాగలిగే ప్రయాణాల గురించి. సెలవు పెట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. కానీ ఒక ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పాలి. ‘ఎక్కడికి?’ ఆ వెంటనే ‘ఎందుకు?’

ఆడది ఇంట్లోంచి బయటికి అడుగుపెడితే పని ఉండాలి. ఆఫీసు, కూరగాయలు, పిల్లల బడి, ఆస్పత్రి, గుడి. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి రాసిన ‘వై లాయిటర్’ పుస్తకం (2011) ముంబై స్త్రీల గురించి చెప్పింది అదే. మగవాడు వీధి చివర ఊరికే నిలబడగలడు. స్త్రీ తనకేదో పని ఉన్నట్టు కనబడుతూ నడవాలి. నా భుజాన ఎప్పుడూ ఒక గుడ్డసంచీ ఉంటుంది. అందులో నీళ్ళ సీసా, గొడుగు, నోట్‌బుక్ తప్ప ఏమీ ఉండవు. సంచీ ఉంటే మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

ఈ తిరుగుడు మొదలైంది బస్సు బోర్డుల దగ్గర. ఊళ్ళో స్త్రీల పేర్లున్న స్టాపులు ఎన్నున్నాయా అని లెక్కపెట్టడం ఒక ఆటగా పెట్టుకున్నాను. ‘మాసాబ్ టాంక్’ అని కండక్టరు అరుస్తాడు. మాసాబ్ ఎవరో పహిల్వాన్ అనుకునేవాళ్ళున్నారు. అసలు పేరు మా సాహెబా చెరువు. మా సాహెబా అంటే హయాత్ బక్షీ బేగం. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. చూశారా, ఆమెని పరిచయం చెయ్యాలంటే ముగ్గురు మగవాళ్ళ పేర్లు చెప్పాల్సి వచ్చింది! కానీ ఆ ముగ్గురి కాలాన్నీ కలిపి చూసిన మనిషి ఆమె ఒక్కతే. 1626లో పన్నెండేళ్ళ కొడుకు గద్దె ఎక్కితే వెనక ఉండి రాజ్యం నడిపించింది. 1656లో ఔరంగజేబు గోల్కొండని చుట్టుముట్టినప్పుడు, కొడుకు కోటలో ఉండగా, సంధి మాట్లాడటానికి ఔరంగజేబు దగ్గరికి వెళ్ళింది ఈ ముసలి తల్లి. కోటి రూపాయలు కట్టడం, అబ్దుల్లా కూతుర్ని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్ళి చెయ్యడం ఆ సంధిలో షరతులు. ఒక స్త్రీ యుద్ధాన్ని ఆపింది, దానికి మూల్యంగా ఇంకో స్త్రీని ఇచ్చారు. మనవరాలిని ఎవరైనా అడిగారా అన్నది ఏ చరిత్రకారుడూ రాసే విషయం కాదు.

ఆమె పేరు మీద ఇంకో స్టాపు కూడా ఉంది. హయత్‌నగర్. విజయవాడ బస్సెక్కిన ప్రతిసారీ దాటే చోటు, దిగాలని ఎవరికీ తోచని చోటు. చరిత్ర పాఠాలు చెప్పే స్నేహితురాలిని వెంటబెట్టుకుని ఒక ఆదివారం పొద్దున అక్కడ దిగాను. హైవే మీది హోరు నుంచి లోపలి వీధికి తిరిగి కాస్త నడిస్తే హయాత్ బక్షీ మసీదు. అయిదు కమానులు, ముందు విశాలమైన ఆవరణ, చుట్టూ ప్రయాణికులు దిగడానికి కట్టిన సరాయి గదులు, వందకు పైగా. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి వెళ్ళే దారి ఇది. వజ్రాలు, కలంకారీ బట్టలు ఈ దారినే వెళ్ళాయి. దగ్గర్లోనే హాథీ బావి. ఏనుగులతో నీళ్ళు తోడించేవారట, అందుకా పేరు. నమాజు వేళ కాదు గనక ఆవరణలో కూర్చోవచ్చన్నాడు అక్కడి పెద్దాయన. కూర్చున్నాం. అలసిన బాటసారి దిగి, కాళ్ళు కడుక్కుని, తల వాల్చుకునే చోటు కట్టించాలని ఒక రాణికి తోచింది. తను మాత్రం ఎన్నిసార్లు ఆ దారిలో ఊరికే ప్రయాణం చేసి ఉంటుంది?

నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఇంకొకటి. ఈ ఊళ్ళో ఎవరినడిగినా భాగమతి కథ చెబుతారు. మూసీ అవతల పల్లెలో నాట్యకత్తె, వరదలో గుర్రం దూకించిన యువరాజు, ఆమె పేరు మీద భాగ్‌నగర్. సినిమాల్లో, నవలల్లో, నృత్య నాటకాల్లో ఆమే. హరూన్ ఖాన్ షేర్వాణీ వంటి చరిత్రకారుడు ఆమె అసలు లేనే లేదనీ, తోటల వల్ల బాగ్‌నగర్ అన్న పేరొచ్చిందనీ వాదించాడు. ఉందనే వాళ్ళూ ఉన్నారు. నేను ఆ తగువు తీర్చబోవడం లేదు. ఉందో లేదో తెలియని స్త్రీ అందరికీ తెలుసు. ఉన్నదని రాతల్లో, కట్టడాల్లో రుజువున్న స్త్రీ బస్‌స్టాపుగా మిగిలింది. భాగమతి కథలో ప్రేమించిన మగవాడున్నాడు. హయాత్ బక్షీ కథలో రాజనీతి మాత్రమే ఉంది. ఏ కథ నిలబడుతుందో నిర్ణయించేది ఎవరు?

మా సాహెబా చెరువు ఇప్పుడు లేదు. ఫ్లైఓవర్ ఉంది, పార్కు ఉంది.

నాకు అన్నిటికన్నా దగ్గరిది మౌలాలి. మేముండే తార్నాక నుంచి ఆటోలో పావుగంట. ‘దర్గాకా మేడం, గుట్ట పైకా?’ అని అడిగాడు ఆటో అబ్బాయి. గుట్ట మీద హజ్రత్ అలీ చేతి ముద్ర ఉందని నమ్మకం. కుతుబ్ షాహీల కాలంలో యాకూత్ అనే అంతఃపుర సేవకుడికి కలలో అలీ ఆ గుట్ట మీద కూర్చుని కనబడ్డాడని కథ. నాలుగువందలకు పైగా మెట్లు. నేను మెట్లెక్కలేదు. నేను వచ్చింది గుట్ట కింద ఉన్న తోట కోసం. మహ్‌లఖా బాయి చందా సమాధి కోసం.

‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటం (1991) చదివిన వాళ్ళకి ఆమె తెలుసు. సూసీ తారు, కె. లలిత ఇదే ఊళ్ళో ఉండి చేసిన ఆ పనిలో మన ముద్దుపళనితో పాటు ఆమె కూడా ఉంది. పుస్తకంలో ఉన్న మనిషి ఇంటికి పావుగంట దూరంలో ఉండటం వేరే సంగతి.

సమాధి వీధిలో సంచీ భుజాన వేసుకుని అటూఇటూ చూస్తున్న నన్ను గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న ఒక పెద్దావిడ పిలిచింది.

‘ఎవలింటికి పోవాలె బిడ్డా?’

చెప్పాను.

‘గామె సమాధా? ముంగటనే ఉన్నది. పాటలు మస్తు పాడేదంట. పెండ్లి చేసుకోలేదంట. గంత ఆస్తి ఉండెనంట.’ ఒక్క క్షణం ఆగి, ‘పెండ్లి చేసుకోలే గనకనే ఉండె,’ అంది, చాటలోంచి తలెత్తకుండానే. ఎన్ని సెమినార్లకి వెళ్ళాను, ఇంత సూటిగా ఎవరైనా చెప్పారా!

మహ్‌లఖా 1768లో పుట్టింది. ఆమెది నడిచొచ్చిన స్త్రీల వంశం. అమ్మమ్మ గుజరాతు మనిషి. భర్త సర్కారు సొమ్ము కాజేసి పారిపోతే, పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు విడిచి, ఆటపాటల బృందంలో చేరి, ఆ బృందాలతో దక్కనుకి దిగింది. తల్లి రాజ్ కన్వర్ బాయి. కడుపుతో ఉండగా మౌలాలి గుట్టకి వస్తే గర్భం పోబోయి నిలిచిందని కథ. ఆ పుట్టిన పిల్ల జీవితమంతా అలీని కొలిచింది. 125 గజళ్ళు రాసింది. ఒక్కోదానికి అయిదు షేర్లు, ఆఖర్న అలీ స్మరణ. సంగీతం, నృత్యంతో పాటు గుర్రపు స్వారీ, విలువిద్య నేర్చింది. రెండో నిజాం అలీ ఖాన్‌తో పాటు మగవేషంలో యుద్ధాలకు వెళ్ళింది. దర్బారులో ఉమ్రావు హోదా, జాగీర్లు. 1798లో కూర్చిన ఆమె దివాన్ ప్రతిని మరుసటి ఏడు కెప్టెన్ మాల్కమ్‌కి కానుకగా ఇచ్చింది. అదిప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఉర్దూలో దివాన్ కూర్చిన మొదటి స్త్రీ అని ఆమెని చాలాకాలం అన్నారు. తర్వాత దక్కన్‌కే చెందిన లుత్ఫున్నీసా ఇంతియాజ్ దివాన్ బయటపడింది, దీనికంటే కాస్త ముందుది. ‘మొదటి’ అనే కిరీటం మారింది. పరుగుపందెం పెట్టినట్టు ఈ ‘మొదటి స్త్రీ’ల లెక్క నాకంత నచ్చదు. ఒకే ప్రాంతంలో, దాదాపు ఒకే ఏడు ఇద్దరు స్త్రీలు దివాన్లు కూర్చుకున్నారంటే వాళ్ళ చుట్టూ విన్నవాళ్ళు, రాసిన వాళ్ళు ఇంకెంతమంది ఉండి ఉంటారు? అది కదా అడగాల్సింది.

గేటు దాటాక నాలుగు భాగాల తోట, మధ్యలో మంటపం, బావి, చిన్న మసీదు, సమాధి. 1792లో తల్లి కోసం కట్టించింది. 1824లో చనిపోయాక ఆమెని కూడా తల్లి పక్కనే ఉంచారు. సమాధి తోట అంటే చక్రవర్తి భార్య కోసం కట్టించడమే మనం విన్నాం. ఇక్కడ కూతురు తల్లి కోసం కట్టించింది, తన సంపాదనతో. వంశవృక్షంలో తండ్రి కొమ్మ లేకపోయినా చెట్టు నిలబడింది. ఏళ్ళ తరబడి పాడుపడి ఉన్న ఈ చోటుని 2010-11లో అమెరికా రాయబారుల నిధి డబ్బుతో బాగుచేశారు. మన ఊరి కవయిత్రి సమాధికి పైకం అమెరికా నుంచి రావాల్సి వచ్చింది.

మంటపం నీడలో కూర్చుని మురిసిపోతూ ఉంటే సరిపోదు. ఆమె సంపద జాగీర్ల మీద వచ్చింది. జాగీరంటే రైతు కట్టిన శిస్తు. ఆ పల్లెల్లో నాట్లు వేసిన ఆడవాళ్ళకి మహ్‌లఖా ఎవరు? మరో దొర, అంతే. ఆమె ఇంట్లో వందల మంది ఆడపిల్లలు ఆట, పాట నేర్చుకునేవారని చెబుతారు. వాళ్ళలో ఎంతమంది ఇష్టపడి వచ్చారు, ఎంతమందిని పేదరికం తోసింది? చనిపోయాక ఆస్తి దిక్కులేని స్త్రీలకు చెందేలా ఏర్పాటు చేసిందని కూడా అంటారు. ఈ రెండూ ఒకే మనిషివి. ఆమెని స్త్రీవాది అనడం తొందరపాటు, ‘వేశ్య’ అని పక్కన పెట్టడం అన్యాయం. ముద్దుపళని విషయంలో జరిగిందేమిటో మనకు తెలుసు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ రాధికాసాంత్వనాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తే 1911లో నిషేధించారు. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. సాని రాసింది సాహిత్యం ఎలా అవుతుందని పెద్దమనుషుల బాధ. మహ్‌లఖా ఒక సంగతి ముందే కనిపెట్టినట్టుంది. చరిత్రని వేరేవాళ్ళ దయకి వదలకుండా, గులాం హుసేన్ జౌహర్ చేత దక్కన్ చరిత్రే రాయించుకుంది. దాని పేరు మాహ్‌నామా.

మనలో ఆ పని చేసింది భండారు అచ్చమాంబ. అబలా సచ్చరిత్ర రత్నమాల కోసం పుస్తకాలు వెతికి, స్త్రీల జీవితాలు ఒక్కొక్కటే పోగుచేసింది. ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905లో ముప్ఫై ఏళ్ళకే పోయింది. ‘సచ్చరిత్ర’ అన్న మాటలో మహ్‌లఖాకి చోటు దొరికేదా అని ఆ మంటపంలో కూర్చుని అనుకున్నాను. దొరికేది కాదేమో. అచ్చమాంబ గీసుకున్న గీత ఆ కాలపుది. గీత అవతల ఉన్న వాళ్ళని చేర్చే పని తర్వాతి వాళ్ళకి మిగిలింది.

మహ్‌లఖా జాగీర్లలో అడిక్‌మెట్ కూడా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది ఆ ప్రాంతంలోనే. ఇఫ్లూ ప్రాంగణంలోని మెట్లబావిని ఆమె పేరుతోనే పిలుస్తారు. అక్కడ ఎంఏలు, పిహెచ్‌డీలు చేసిన మనలో ఎందరమో ఆ నేల మీద నడిచాం. సిలబస్‌లో మాత్రం ఆమెని కలుసుకోలేదు. కోఠీ మహిళా కళాశాల సంగతి వేరే రాయాలి. 1924లో మొదలై, 1949లో పాత రెసిడెన్సీ భవనానికి మారి, 2022లో విశ్వవిద్యాలయమై, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. కర్క్‌పాట్రిక్ పెళ్ళాడిన ఖైరున్నీసా కోసం కట్టిన రంగ్ మహల్ ఆ ఆవరణలోనే ఉండేది. 1813లో, ఇరవై ఏడేళ్ళకే, ఇంగ్లండు పంపిన పిల్లల్ని మళ్ళీ చూడకుండా ఆమె చనిపోయింది. భూమి కోసం కొట్లాడిన ఐలమ్మ పేరు ఆ గేటు మీద చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

మౌలాలి నుంచి తిరిగొస్తూ బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఇద్దరు మున్సిపాలిటీ ఆడవాళ్ళు, చేతిలో చీపుర్లు. తెల్లవారుజామున నాలుగింటికి ఇంట్లోంచి బయలుదేరి వచ్చారట. నేను సాహసం అనుకుని వచ్చిన వీధుల్ని వాళ్ళు చీకట్లో, ఒంటరిగా, రోజూ ఊడుస్తారు. ‘ఎక్కడికి, ఎందుకు’ అని వాళ్ళనెవరూ అడగరు. నా గుడ్డసంచీ లాంటిదే వాళ్ళ చీపురు కూడా. కాకపోతే నా సంచీ ఖాళీది.

వచ్చే ఆదివారం ఖైరతాబాద్ అనుకున్నాం. అక్కడి పాత మసీదు కుతుబ్ షాహీల ఆడపడుచు ఖైరున్నీసా బేగం కట్టించింది, 1626లో, తనకు చదువు చెప్పిన గురువు కోసం. పక్కనే ఆయన కోసం కట్టిన గుమ్మటం ఉంది. ఆయన మక్కా వెళ్ళి అక్కడే పోయాడనీ, లోపల సమాధి లేదనీ అంటారు. స్నేహితురాలు తన ఇద్దరు విద్యార్థినుల్ని కూడా తీసుకొస్తానంది. ఇంట్లో ఏం చెప్పి రావాలో వాళ్ళింకా ఆలోచిస్తున్నారట.