మితాక్షర లేఖన సాధనములు: ఎడ్ మొదలు విమ్ దాక

కంప్యూటరుపై వ్రాతకు నేడు హంగులకు కొదువ లేదు. అయినను, 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్ రచించిన ‘ఎడ్’ నేటికిని వాడుకలో నున్నది. ఆయన ముందున్నది తెర కాదు, టెలిటైపు. అది సెకనుకు 10 అక్షరములను మాత్రమే కాగితముపై కొట్టెడిది. కావుననే ఆజ్ఞలు ఒంటి అక్షరములైనవి: చూపుటకు పి, తొలగించుటకు డి, మార్చుటకు ఎస్. తప్పు చేసినచో బదులు ఒక్క ప్రశ్నార్థకమే! మా ఆఫీసు పెద్ద గుమాస్తాగారైనను ఇంతకంటె నాలుగు మాటలు ఎక్కువ చెప్పెడివారు.

1976లో బిల్ జాయ్ ‘వీఐ’ని, 1991లో బ్రామ్ మోలెనార్ ‘విమ్’ను వెలువరించిరి. తెర వచ్చినను పొదుపు పోలేదు.

ఈ సాధనములు దాచునది ఉత్త అక్షరములనే. దాని విలువ బేరిగైలో నాకు తెలిసివచ్చినది. మా తండ్రిగారు తెలుగున వ్రాసియుంచిన వంశావళిని ఒకప్పుడు ఏదో ప్రత్యేకపు ఫాంటులో టైపు చేయించితిని. మూలప్రతిని చెదలు తినెను. ఫాంటు మాయమై, ఫైలంతయు పిచ్చిగీతలాయెను. మిగిలిన ఒక్క అచ్చుప్రతిని చూచి, తమిళ బడిలో చదువుకొనుచున్న మా మనుమడు విమ్ సాయమున యూనికోడులో మరల ఎక్కించెను. యూనికోడున తెలుగునకు చోటు దొరకినదియు 1991లోనే. నల్లని తెరపై ఒత్తులు అక్కడక్కడ చెదరి కనిపించును గాని, ఫైలులో ఒక్క పేరైనను చెదరలేదు.